అమ్మమ్మ మొక్కిన జుట్టు

"తలుపు తియ్యవే తల్లీ. నీ జుట్టు మీద చెయ్యి కూడా వెయ్యను" అంది జగదాంబ, స్నానాలగది తలుపుకు నోరు ఆనించి.

"నువ్వెందుకేస్తవు అమ్మమ్మా? దేవునితోని వేయిస్తవు" అంది లోపలినుంచి నీహారిక.

జగదాంబ చేతిలో కొబ్బరినూనె గిన్నె ఉంది. సోమవారం పొద్దున్న, కాలేజీకి వేళవుతోంది, పిల్ల తలకు నూనె రాసి జడ వేద్దామని నిజంగా మంచి మనసుతోనే వచ్చింది. కాని గురువారం నుంచి ఆ ఇంట్లో ఆమె మంచి మనసును ఎవరూ నమ్మడం లేదు.

యుద్ధం మొదలైన రాత్రి టీవీలో పేలుళ్ళు చూపిస్తుంటే ఆమె సోఫాలోంచి లేచి ద్వారకా తిరుమల చినవెంకన్నకు మొక్కేసింది. సరిహద్దుకు వెళ్ళిన తన కూతురు సుమిత్ర క్షేమంగా ఇల్లు చేరితే మనవరాలి జుట్టు ఇప్పిస్తానని. సుమిత్ర మిలిటరీ నర్సుల్లో మేజర్. సికిందరాబాదు తిరుమలగిరి మిలిటరీ ఆస్పత్రిలో పనిచేస్తున్న ఆవిడను ఎక్కడో గుడారాల ఆస్పత్రికి పంపారు. ఆ ఎక్కడో ఎక్కడన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు.

మొక్కిన సంగతి మనవరాలికి చెప్పడం జగదాంబ మరిచిపోయింది. పక్క క్వార్టర్ దేవకృపకు చెప్పడం మాత్రం మరిచిపోలేదు. గురువారం మధ్యాహ్నం దేవకృప మెట్ల మీద నీహారికను ఆపి, "అమ్మ కోసం ఎంత త్యాగం చేస్తున్నావమ్మా" అని తల నిమిరింది. అప్పుడు బయటపడింది.

"నేనియ్యను" అంది నీహారిక ఇంట్లోకి వస్తూనే. దేవుడి గూటి ముందు నిలబడి అంది. అమ్మమ్మకూ, గూట్లో ఉన్నాయనకూ ఇద్దరికీ వినబడేటట్టు అంది. "ఎవరేమన్న అనుకోనీ, నేనియ్యను."

ఆ సాయంత్రం సుమిత్ర ఫోను రాలేదు.

ఆవిడకు వీలయ్యేది గురువారం, ఆదివారం. నిన్న ఆదివారం కూడా రాలేదు.

"అత్తమ్మా, జెర పక్కకు జరుగుండ్రి. నేను మాట్లాడ్త" అంటూ వచ్చాడు ఓంప్రకాశ్, భుజం మీద తువ్వాలతో. ఆయన మెట్టుగూడ రైల్వే ఆఫీసులో గుమాస్తా. రైళ్ళలో పాడైన సరుకుకు నష్టపరిహారం అడిగేవాళ్ళ దరఖాస్తులు ఆయన బల్ల మీదికే వస్తాయి. దరఖాస్తులో ఒక మాట అటూ ఇటూ ఉంటే పట్టుకుని దాన్ని వెనక్కి పంపడం ఆయన ఉద్యోగం. మొక్కును కూడా అక్కడినుంచే పట్టుకున్నాడు.

"మీరు మొక్కినప్పుడు ఏమన్నరో ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

"ఏమంటాను అల్లుడుగారూ? 'స్వామీ, నా కూతురు క్షేమంగా వస్తే మా పిల్ల జుట్టు నీ కొండమీద ఇప్పిస్తాను' అన్నాను."

"మా పిల్ల అన్నరా? నీహారిక అని పేరు చెప్పలే?"

"పిల్ల అంటే చాలదూ? దేవుడికి తెలీదా?"

"ఎట్ల తెలుస్తది? మీరు సుమిత్రను సుత పిల్లనే అంటరు. మొన్న ఫోన్ల 'పిల్లా, అన్నం తిన్నావా' అన్నరు. ఆమె పక్కన కర్నల్ సాబ్ ఉన్నడంట, నవ్విండంట. గిప్పుడు దేవుడు ఏ పిల్ల అని రాసుకోవాలె?"

జగదాంబ నూనెగిన్నెలోకి చూస్తూ కాసేపు ఆలోచించింది.

"మనసులో దీన్నే అనుకున్నాను" అంది చివరికి.

"మనసుల అనుకున్నది లెక్కకు రాదత్తమ్మా. నోటితోని అన్నదే లెక్క."

"మీ రైల్వేలో రాదేమో. మా స్వామి దగ్గర మనసులోదే వస్తుంది."

"మరి నా మనసుల ఇష్టం లేదని ఉంది" అంది తలుపు వెనకనుంచి నీహారిక. "అది సుత చూడమను."

ఓంప్రకాశ్‌కు కూతురి వాదన నచ్చింది. పైకి కనబడనివ్వలేదు. "పోనీ మూడు కత్తెర్లిస్తే అయిపాయె గద! ఆడోళ్ళందరు గట్లనే ఇస్తరు. కొసలు మూడుసార్లు కట్ చేసుడు, దండం పెట్టుడు, లడ్డూ తినుడు."

జగదాంబ గొంతు తగ్గింది. "గుండు అని కూడా అనేశాను బాబూ."

"ఏందీ?"

"పూర్తి గుండు. అక్కడ బాంబులు పడుతుంటే మూడు కత్తెర్లంటే బేరమాడినట్టుంటుందని..."

"అరె, గట్లెట్ల అన్నరత్తమ్మా! సందు లేకుంట చేసిండ్రు." ఓంప్రకాశ్ తువ్వాలను రెండో భుజం మీదికి మార్చాడు. "అసలు గీడ యాదగిరిగుట్ట ఉండంగ గోదావరి జిల్లాల దాకా ఎందుకు పోయిండ్రు? గుట్ట నర్సింహస్వామి అయితే పొద్దుగాల పోతే మాపటికి ఇంట్ల ఉంటుంటిమి. మా నాయనకు ఆయన బాగ ఎరుక. ఏమన్న చెప్పుకుంటే ఇనే దేవుడు."

"ఆపదొచ్చినప్పుడు ఎరిగున్నవాళ్ళని అడుగుతాం గాని కొత్తవాళ్ళని అడుగుతామా?"

"అమ్మమ్మా, నీ జుట్టియ్యి" అంది తలుపు.

"నాదేముందే, పిడికెడు. మీ నాన్నదంటావా..."

జగదాంబ అల్లుడి తల వైపు చూసింది. ఓంప్రకాశ్ ఎడమ చెవి మీదినుంచి కుడి చెవి దాకా జాగ్రత్తగా దువ్విపెట్టుకున్న నాలుగు వెంట్రుకలను అరచేత్తో కప్పుకున్నాడు.

"నన్నెందుకు సూస్తరు? నావి మొక్కకుండనే దేవుడు తీస్కపోయిండు."

ఇంకొంచెంసేపు జరిగితే వాదన ఎటు తేలేదో. మధ్యలో పృథ్వీ వచ్చాడు. వాడికి పదమూడేళ్ళు. తల్లి వెళ్ళిన దగ్గరనుంచి ఇల్లంతా వాడి అదుపులో ఉందనుకుంటున్నాడు. ఎవరూ అడగకుండానే, శత్రువిమానాలకు వెలుతురు కనబడకూడదని కిటికీలన్నిటికీ నల్లచార్టులు అంటించాడు. బయట ఎండ కాస్తున్నా లోపల లైట్లు వేసుకుని తిరగవలసి వస్తోంది. ఓంప్రకాశ్ మోకాలికి టీపాయ్ తగలని రోజు లేదు.

"అక్కా, బాత్రూం ఖాళీ చెయ్యి."

"చెయ్య."

"ఆర్డర్ కాదే. అర్జెంటు."

తలుపు తెరుచుకుంది. పదహారేళ్ళ నీహారిక తడి జుట్టు విరబోసుకుని బయటికి వచ్చింది. నడుము దాటి కిందికి జారుతున్న ఆ జుట్టును జగదాంబ ఒక్క క్షణం చూసి, చూడకూడనిది చూసినట్టు తల తిప్పుకుంది.

ఓంప్రకాశ్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ పూట కాలేజీకి వెళ్ళనంది నీహారిక. ఎందుకని ఎవరూ అడగలేదు. అమ్మ ఫోను వచ్చేది ఆమె సెల్లుకే. దాన్ని జగదాంబ వంటింటి కిటికీలో పెట్టింది. అక్కడైతే సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయని ఆమె కనిపెట్టింది. ఆ కిటికీ చార్టును మాత్రం పృథ్వీతో పోట్లాడి చింపేసింది. ఫోను వాడటం ఆమెకు రాదు. గీతలు చూడటం వచ్చు. పోపు వేస్తూ చూస్తుంది, పోపు తీస్తూ చూస్తుంది.

పదిన్నరప్పుడు దేవకృప గిన్నె పట్టుకుని పెరుగు తోడు కోసం వచ్చింది. ఆమె భర్త రిచర్డ్ కూడా సరిహద్దుకే వెళ్ళాడు. ఇవాళ ఆమె ముఖం వెలిగిపోతోంది.

"నిన్న రిచర్డ్ ఫోన్ చేశాడు పిన్నిగారూ! చాలాసేపు మాట్లాడాడు. అక్కడ చలిగా ఉందట, సాక్సులు పంపమన్నాడు." అంటూనే ఇద్దరి మొహాలూ చూసింది. "సుమిత్రక్క... చేసిందా?"

జగదాంబ గిన్నె అందుకుని తోడు వేసింది. చెంచాడు పెరుగు అడిగితే గిన్నె సగం నిండేదాకా వేసింది.

"చాలు పిన్నిగారూ. రిచర్డ్ వాళ్ళు వేరే చోట ఉన్నారు కదా. వీళ్ళది వేరే. అక్కడ ఇంకోలా ఉండొచ్చు" అంది దేవకృప.

ఇంకోలా అన్న మాట అక్కడే మిగిలిపోయింది. ఆమె గిన్నె రెండు చేతులా పట్టుకుని, పెరుగు ఒలకకుండా నెమ్మదిగా వెళ్ళిపోయింది.

జగదాంబ వంకాయలు తరిగింది. తరిగినవాటినే మళ్ళీ తరిగింది.

"నీహా" అంది, తల ఎత్తకుండా. "ఆ జుట్టు సంగతి వదిలెయ్యవే. నేను కొండకెళ్ళి స్వామికి చెప్పుకుంటాను. ముసలిది, తెలీక అంది అని."

అమ్మమ్మ పోట్లాడుతున్నంతసేపూ నీహారికకు ధైర్యంగా ఉంది. అమ్మమ్మ జగమొండి. రైతుబజారులో కొత్తిమీర కట్ట దగ్గర కూడా వెనక్కి తగ్గదు. అలాంటి మనిషి ఇంత మెత్తగా దిగివచ్చిందంటే, జుట్టు ఉన్నా లేకపోయినా ఒకటే అనుకుంటోందా? పీట లాక్కుని వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్ళలో వెయ్యడం మొదలుపెట్టింది.

ఇవన్నీ ఆమె నమ్మదు. కాలేజీలో ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఎవరో దేవుడు సికిందరాబాదులో ఒక పిల్ల ఇయ్యనంటే కోపం తెచ్చుకుని సరిహద్దులో ఫోను ఆపుతాడా? ఇంకొకరు ఇలా భయపడితే తానే విడమరిచి చెప్పేది. కాని తను అన్నది గురువారం మధ్యాహ్నం. ఫోను రానిది గురువారం సాయంత్రం. ఎంత విడమరిచినా ఆ రెండూ పక్కపక్కనే వచ్చి కూర్చుంటున్నాయి.

నాలుగింటికి పృథ్వీ బడినుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే వాడి పక్కన కూర్చుంది.

"ఒరేయ్, లాల్‌బజార్ల నువ్వు కటింగ్ చేయించుకునే షాపు ఎప్పటిదాక ఉంటది?"

"ఎనిమిదింటి దాక. ఎందుకు?" వాడు ఆమె మొహం చూశాడు. తర్వాత జడ చూశాడు. "గుడికాడ ఇయ్యాలె గదనే."

"కొట్టించుకుని మూట గట్టి దాచిపెడ్త. తర్వాత కొండకు తీస్కపోదాం."

"అమ్మ వచ్చినంక ఇచ్చుడు కదా మొక్కంటే?"

"ముందే ఇస్తున్న. ముందు ఇచ్చినోళ్ళకు తొందరగ పనైతది కావచ్చు."

పృథ్వీ విప్పిన బూటు మళ్ళీ తొడుక్కున్నాడు. "అయితే ఇప్పుడే పోదాం. రేపు మంగళవారం. షాపు బంద్."

అమ్మమ్మ పెరట్లో బట్టలు తీస్తున్నప్పుడు నీహారిక కిటికీలోంచి సెల్లు తీసుకుంది. బడి సంచీ ఖాళీ చేసి పృథ్వీ భుజానికి తగిలించుకున్నాడు.

కిషన్ షాపులో మూడు కుర్చీలు. మూడూ ఖాళీగా ఉన్నాయి. చుట్టుపక్కల పటాలాల జవాన్లందరికీ క్షవరం చేసే షాపు అది. తలలన్నీ సరిహద్దుకు వెళ్ళిపోయాక కిషన్‌కు ఏం చెయ్యాలో తోచక, అద్దం ముందు నిలబడి తన గడ్డం తనే గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా అయ్యింది. రెండో చెంప మీద నురగ ఉంది.

"ఆ, పృథ్వీ. కూసో."

"నాకు కాదు. అక్కకు."

"అమ్మాయికా? కొసలు కొట్టాల్నా?"

"గుండు" అంది నీహారిక.

కిషన్ కత్తి కింద పెట్టాడు. "మొక్కా?"

"మా అమ్మమ్మ మొక్కింది."

"అమ్మమ్మ మొక్కితే అమ్మమ్మకు కొట్టాలె."

"గదంత పొద్దుగాల మాట్లాడినం అంకుల్" అన్నాడు పృథ్వీ. "అయ్యేటట్టు లేదు."

"నాతోని కాదు బిడ్డా. మొక్కు ఎంటికలు గుడికాడ పడాలె. నా షాపుల పడితే రేపు ఆ దేవుడు ఎవర్ని పట్టుకుంటడు? నన్ను. అసలే ధందా లేక పరేషాన్‌ల ఉన్న. గీ వయసుల దేవునితోని తకరారు నాకెందుకు?"

"మేం తీస్కపోయి ఇస్తం. మా నాన్నకు రైల్వే పాసుంది."

"మీ నాయనకు ఎరుకేనా మరి?"

అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పోనీ, మీ అమ్మను అడిగిండ్రా?"

"మా అమ్మ ఫోన్ చేస్తలేదంకుల్" అంది నీహారిక.

ఏడవకుండా అంది. మామూలుగా, బస్సు రాలేదన్నట్టు అంది. కిషన్ చెంప మీది నురగ ఆరిపోతోంది.

"పోయే ముంగట అందరు గీ కుర్చీలల్లనే కూసున్నరు" అన్నాడు. "చాయ్ తాగేటందుకు సుత లెవ్వలే నేను ఆ దినం. ఒక్కొక్కడు 'కిషన్ భాయ్, మంచిగ చిన్నగ కొట్టు, మళ్ల ఎన్నడొస్తనో' అన్నడు..." ఆ మాట అనవలసింది కాదని నాలిక కరుచుకుని, తెల్లబట్ట తీసి గట్టిగా దులిపాడు. "కూసో బిడ్డా."

జడ కొసకూ మొదలుకూ రెండు రబ్బరు బ్యాండ్లు బిగించాడు. కత్తెర ఆడింది. కొడవలితో పచ్చజొన్న కోసినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. నీహారిక తల ఉన్నట్టుండి ముందుకు తూగింది. ఇన్నాళ్ళూ వెనక్కి లాగిపట్టిన బరువు లేకపోయేసరికి మెడ ఎలా నిలపాలో తెలియలేదు. జడను పృథ్వీ రెండు చేతులమీద పట్టుకున్నాడు. అది కదులుతుందేమో అన్నట్టు ఒంటికి దూరంగా పట్టుకున్నాడు.

"సంచిలెయ్యిరా."

"మడత పెట్టాల్నా?"

"చుట్టు."

కిషన్ మిషన్ తీశాడు. ఆడపిల్ల తల అతని చేతికి కొత్త. చెయ్యి మాత్రం తనకు తెలిసిన దారినే పోయింది. జవాన్లకు కొట్టినట్టే కుడి చెవి దగ్గర మొదలుపెట్టి పైకి, పైకి, నడినెత్తి దాకా. ఆ పక్కంతా తెల్లగా తేలింది.

అప్పుడు బట్ట కింద నీహారిక ఒళ్ళో సెల్లు మోగింది.

పొడుగాటి నంబరు. ఊరూ పేరూ లేని నంబరు. అలాంటి నంబర్లనుంచి ఆ ఇంటికి చేసేది ఒక్కరే.

"హలో... బుజ్జీ? వినబడుతోందా?"

"అమ్మా!"

కిషన్ మిషన్ ఆపేశాడు. పృథ్వీ సంచీ కావలించుకుని కుర్చీ మీదికి ఒరిగాడు.

"బాగున్నారా అందరూ? కంగారుపడ్డారా? ఇక్కడ గాలివానకు టవర్ కూలిపోయిందమ్మా. ఇవాళే నిలబెట్టారు. ఫోను దగ్గర పెద్ద వరస, నా వెనక బోలెడంతమంది."

"ఎన్నడు కూలింది?"

"పోయిన సోమవారం."

"సోమవారమా? గురువారం కాదా?"

"సోమవారమే. పొద్దున్నే. ఎందుకే?"

సోమవారం. అప్పటికి ఆమె ఇయ్యననలేదు. ఇమ్మని ఎవరూ అడగనూ లేదు. అసలు మొక్కనేది ఒకటుందనే తెలియదు. ఆ పొద్దున తను కాలేజీ క్యాంటీన్‌లో సమోసా తింటూ ఉండి ఉంటుంది. నీహారికకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. తలెత్తి అద్దంలో చూసుకుంది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"అమ్మమ్మతో తలకు నూనె పెట్టించుకుంటున్నావా?" అంటోంది సుమిత్ర. "మొండికెయ్యకు. నీ జడ వేస్తుంటే ఆవిడకీ కాస్త పొద్దుపోతుంది."

"పెట్టించుకుంటున్ననమ్మా."

"ఇక్కడ మాకు తల దువ్వుకునే తీరికే లేదు. వచ్చాక నీకు నేనే వేస్తా జడ, సరేనా?"

నీహారిక చెయ్యి గొరిగిన పక్కకు పోయింది. పృథ్వీ సెల్లు లాక్కున్నాడు.

"అమ్మా, నేను మన కిటికీలన్నీ బ్లాకౌట్ చేసిన!"

"తిరుమలగిరిలో ఎందుకురా?" సుమిత్ర నవ్వింది. నవ్వు మధ్యలో ఎవరో ఆవిడను పిలిచారు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు మారింది, వార్డులో మాట్లాడే గొంతులా. "అక్కకివ్వు. బుజ్జీ, విను. రేపు తెల్లవారకముందే మేం చోటు మారుతున్నాం. కొన్నాళ్ళు ఫోను ఉండదు. నాన్నకు చెప్పు. అమ్మమ్మకు మెల్లిగా చెప్పు."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళమ్మా?"

"అది నాకూ..."

లైను పోయింది. నీహారిక హలో అంది. మళ్ళీ అంది. గీతలు చూసింది. గీతలు నిండుగానే ఉన్నాయి.

"సూశినవా బిడ్డా!" కిషన్ రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టాడు, ఒక చేతిలో మిషన్ అలాగే ఉంది. "ఎంటికలు కింద పడంగనే ఫోనొచ్చె! గంత పవరున్న దేవుడాయన."

"పవర్ లేదు, ఏం లేదంకుల్" అన్నాడు పృథ్వీ. "టవర్ పడ్డది సోమవారం. అక్క వద్దన్నది గురువారం. అక్క అన్నదానికి, ఫోను రాకపోవుడుకు కనెక్షనే లేదు."

"గవన్ని నాకు తెల్వది. ఉన్న మాట చెప్పు. సగమైంది. ఆపాల్నా, కొట్టాల్నా?" కిషన్ ఆమె తలను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆపితే గీ పక్కయి దువ్వి గా పక్కకు కప్పొచ్చు, మీ నాయన లెక్క. జెర గాలొచ్చినప్పుడే తక్లీఫ్."

పృథ్వీ కుర్చీ చెయ్యి పట్టుకుని ఊపాడు. "లే అక్కా. ఇంటికి పోదాం. ఇంగ కొట్టించుకునే అవసరం లేదు. నీకు తెలుస్తలేదా?"

"తెలుస్తుందిరా" అంది నీహారిక.

నిజంగానే తెలుసు. సోమవారం గురువారం కంటే ముందు వస్తుంది. గాలివానలు జుట్టును అడిగి రావు. అద్దంలో సగం తల అమ్మాయి, ఆమె వెనక సగం గడ్డం కిషన్, ఇద్దరూ ఆమె ఏమంటుందా అని ఆమెనే చూస్తున్నారు. రేపు తెల్లవారకముందే అమ్మ ఎక్కడికో బయలుదేరుతుంది.

"మరి లెవ్వు" అన్నాడు పృథ్వీ.

నీహారిక కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. లేవలేదు.